హిస్టరీ చదవాలనుకునే అమ్మాయికి కమ్యూనిటీ కాలేజీ: లిబరల్ ఆర్ట్స్ డిగ్రీతో యూసీకి వెళ్ళడం కుదురుతుందా?

ఫ్రీమాంట్ నాన్న
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ జూన్‌లో హైస్కూల్ పూర్తి చేస్తోంది. హిస్టరీ అంటే ప్రాణం, సోషియాలజీ కూడా చూస్తానంటోంది. రెండు యూసీల్లో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు) సీటొచ్చింది కానీ తను కోరుకున్నవి కావు. ఇంటి దగ్గర కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి బర్క్‌లీకో యూసీఎల్‌ఏకో ట్రాన్స్‌ఫర్ అవుతానని తనే లెక్కలు వేసి చూపించింది. లెక్కలో తప్పు పట్టడానికేం లేదు. కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కి, అంటే ఒక్కో క్రెడిట్‌కి, 46 డాలర్లు, 60 యూనిట్లకు 2,760. యూసీలో ఒక్క ఏడాది ట్యూషనే 14 వేలు దాటుతోంది.

నాకు అర్థం కానిది కేటలాగ్. అందులో లిబరల్ ఆర్ట్స్ ఏఏ (రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ) ఉంది, హిస్టరీ ఏఏ-టీ ఉంది, లిబరల్ స్టడీస్ అని మరొకటి ఉంది. లిబరల్ ఆర్ట్స్ అయితే అన్నీ కొంచెం కొంచెం చదవొచ్చు, తర్వాత ఏ మేజర్‌కైనా (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) వెళ్ళొచ్చు అనుకుంటున్నాం. సరైన ఆలోచనేనా? ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోదావరి గాలి
సీటొచ్చిన యూసీ వదులుకుని కమ్యూనిటీ కాలేజీకా? అదీ హిస్టరీ కోసమా? అన్నా, ఏమీ అనుకోవద్దు, నలుగురిలో అడిగితే ఏం చెప్తావు?

పప్పుచారు
నలుగురూ ఫీజు కడతారా గాలి గారూ? మొన్న పాట్‌లక్‌లో ఇదే మాట ఇంకొకాయన అన్నారు. వాళ్ళబ్బాయి స్టూడెంట్ లోన్ ఎంతో అడిగితే గారెలు బాగున్నాయని మాట మార్చారు.

తెనాలి_టు_సాక్రమెంటో
ఇక్కడ కమ్యూనిటీ కాలేజీ అంటే సీటు రానివాళ్ళు వెళ్ళేది అనుకోవడం మనవాళ్ళలో ఎక్కువ. కాలిఫోర్నియా ఈ వ్యవస్థను కట్టిందే ట్రాన్స్‌ఫర్ కోసం. 1960లో మాస్టర్ ప్లాన్ రాశారు. అప్పటి యూసీ ప్రెసిడెంట్ క్లార్క్ కెర్ దాని వెనక ఉన్న మనిషి. హైస్కూల్ పూర్తిచేసినవాళ్ళలో పైన ఎనిమిదో వంతు యూసీకి, పైన మూడో వంతు కాల్‌స్టేట్‌కి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ), కమ్యూనిటీ కాలేజీ తలుపు మాత్రం అందరికీ, అక్కడ బాగా చదివితే మూడో ఏడాదికి పైకి రావచ్చు. ఇదీ పథకం. ఇప్పుడు రాష్ట్రంలో ఇలాంటివి 116 కాలేజీలున్నాయి. ట్రాన్స్‌ఫర్లలో మన రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీ పిల్లలకే యూసీ ముందు పీట వేస్తుంది. ఇద్దరు ఫ్రెష్‌మెన్‌కి ఒక ట్రాన్స్‌ఫర్ చొప్పున తీసుకోవాలన్నది వాళ్ళు పెట్టుకున్న లక్ష్యం.

కాబట్టి నలుగురికీ ఏం చెప్పాలన్నది వదిలేయండి. డిగ్రీ గురించి తెలిసినవాళ్ళు చెప్తారు, నేను ఎకౌంట్స్ మనిషిని.

ట్రాన్స్‌ఫర్ అక్క
నేను ఈ దారిలోనే వచ్చాను. ఇప్పుడు ఒక కాలేజీ ట్యూటరింగ్ సెంటర్‌లో పనిచేస్తున్నాను. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక పట్టండి.

ఫ్రీమాంట్ నాన్న గారూ, అమ్మాయి ప్లాన్ బాగుంది. "లిబరల్ ఆర్ట్స్ అయితే ఏ మేజర్‌కైనా వెళ్ళొచ్చు" అన్న మీ మాట దగ్గరే నాకు పేచీ. యూసీ మీ అమ్మాయి చేతిలో ఏఏ పట్టా ఉందా లేదా అని చూడదు. ఏ కోర్సులు చేసింది, వాటిలో గ్రేడ్లేంటి, వేసుకున్న మేజర్‌కి అడిగిన కోర్సులు అందులో ఉన్నాయా లేవా, చూసేది ఇవి. పట్టా లేకుండా కూడా వెళ్ళొచ్చు, చాలామంది వెళ్తారు. లిబరల్ ఆర్ట్స్ ఏఏ అనేది చాలా కాలేజీల్లో లోకల్ డిగ్రీ. కొంత జనరల్ ఎడ్యుకేషన్, ఒక ఏరియాలో 18 యూనిట్లు, మిగతావి ఎలెక్టివ్స్. 60 యూనిట్లు నిండితే ఇచ్చేస్తారు. అది పూర్తయినంత మాత్రాన ఏ మేజర్‌కీ తయారైనట్టు కాదు.

మా సెంటర్‌కి వచ్చిన ఒక అబ్బాయి సంగతి చెప్తాను. సోషల్ సైన్సెస్ ఎంఫసిస్‌తో లిబరల్ ఆర్ట్స్ చేశాడు, మంచి జీపీఏ. చివర్లో ఎకనామిక్స్‌కి వేద్దామనుకున్నాడు. యూసీ ఎకనామిక్స్‌కి కాలిక్యులస్ కావాలి. అతను చేసింది స్టాటిస్టిక్స్ ఒక్కటే. ప్రీ-కాలిక్యులస్ నుంచి మొదలుపెట్టి ఇంకో ఏడాది కూర్చున్నాడు. పట్టా అప్పటికే చేతిలో ఉంది!

అందుకే వెనక నుంచి ముందుకు రావాలి. ముందు ఏ మేజర్, ఏ క్యాంపస్‌లు అన్నది. ఒక్కటే తేలకపోయినా ఫర్వాలేదు, రెండు మేజర్లు మూడు క్యాంపస్‌లు రాసుకోండి. తర్వాత అసిస్ట్ డాట్ ఆర్గ్‌కి వెళ్ళి మీ కాలేజీ పేరు, క్యాంపస్ పేరు, మేజర్ ఇవ్వండి. అక్కడి ఏ కోర్సుకి మీ కాలేజీలో ఏ కోర్సు సమానమో పట్టిక వస్తుంది. ఆ పట్టికే మీకు ప్రమాణం. పక్కింటివాళ్ళు చెప్పింది కాదు, నేను చెప్పింది కూడా కాదు.

లిబరల్ స్టడీస్ సంగతి: కాల్‌స్టేట్‌లో అది ఎక్కువగా ఎలిమెంటరీ టీచర్ అవ్వాలనుకునేవాళ్ళు చదివేది. పేరు చూసి పొరబడకండి.

ఫ్రీమాంట్ నాన్న
అక్కా, చాలా థాంక్స్. ఇదంతా మాకు ఎవరూ చెప్పలేదు. మరి ఐగెట్సీ అంటున్నారు, కాల్-గెట్సీ అంటున్నారు. ఒకటేనా, వేర్వేరా? మేజర్ కోర్సులతో పాటు ఇవి కూడా చేయాలా?

ట్రాన్స్‌ఫర్ అక్క
2025 ఫాల్ నుంచి చేరేవాళ్ళకి కాల్-గెట్సీ ఒక్కటే. అది జనరల్ ఎడ్యుకేషన్ (జీఈ), అంటే మేజర్‌వి కాకుండా చేయాల్సిన సాధారణ కోర్సుల జాబితా. అంతకుముందు యూసీకి ఐగెట్సీ, కాల్‌స్టేట్‌కి వేరే జాబితా ఉండేవి. పిల్లలు రెంటి మధ్య నలిగిపోతున్నారని 2021లో చట్టం చేసి ఒకటిగా కలిపారు. మొత్తం 11 కోర్సులు, 34 యూనిట్లు. ఇంగ్లిష్ కాంపొజిషన్, క్రిటికల్ థింకింగ్, పబ్లిక్ స్పీకింగ్ లాంటి ఓరల్ కమ్యూనికేషన్ కోర్సు, ఒక మ్యాథ్, ఆర్ట్స్ ఒకటి, హ్యుమానిటీస్ ఒకటి, సోషల్ సైన్స్‌లో రెండు వేర్వేరు సబ్జెక్టులు, ఫిజికల్ సైన్స్, బయాలజీ, వీటిలో ఒకదానికి ల్యాబ్, చివరగా ఎథ్నిక్ స్టడీస్. ప్రతిదాంట్లో కనీసం సీ రావాలి, సీ-మైనస్ పనికిరాదు.

హిస్టరీ లాంటి మేజర్లకి ఇక్కడే వెసులుబాటు. ఇంజినీరింగ్ పిల్లలకి మేజర్ కోర్సులే గొంతుదాకా ఉంటాయి, జీఈ పెట్టుకునే చోటుండదు. హిస్టరీకి మేజర్ ప్రిపరేషన్ తక్కువ. చాలా చోట్ల అమెరికన్ హిస్టరీ రెండు భాగాలు, వరల్డ్ హిస్టరీ లేదా వెస్టర్న్ సివిలైజేషన్ రెండు భాగాలు. వాటిలో కొన్ని కాల్-గెట్సీలో కూడా లెక్కకి వస్తాయి. మ్యాథ్‌కి స్టాటిస్టిక్స్ తీసుకుంటే, రేపు సోషియాలజీకి మనసు మళ్ళినా అదే పనికొస్తుంది. అమెరికన్ హిస్టరీ, అమెరికన్ గవర్నమెంట్ కోర్సులు చేస్తే కాల్‌స్టేట్ గ్రాడ్యుయేషన్‌కి అడిగే హిస్టరీ, కాన్‌స్టిట్యూషన్ నిబంధన కూడా తీరిపోతుంది. రెండు చోట్ల లెక్కకి వచ్చే కోర్సు కనపడితే వదలకండి.

అమ్మాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్ కోసం రాసేవి) పరీక్షలు ఏమైనా రాసిందా?

ఫ్రీమాంట్ నాన్న
రాసింది. ఏపీ యూఎస్ హిస్టరీలో 5, ఇంగ్లిష్ లాంగ్వేజ్‌లో 4.

ట్రాన్స్‌ఫర్ అక్క
అయితే ఇంగ్లిష్ కాంపొజిషన్ ఏపీతో తీరిపోతుంది. క్రిటికల్ థింకింగ్, ఓరల్ కమ్యూనికేషన్ రెంటికీ ఏపీ లేదు, క్లాసులో కూర్చోవాల్సిందే. ఏపీ హిస్టరీ కూడా జీఈలో ఒక ఏరియాకి పనికొస్తుంది. కానీ హిస్టరీ మేజర్‌కి వెళ్ళే పిల్ల కాలేజీలో అమెరికన్ హిస్టరీ మళ్ళీ చదివితే నష్టమా అంటే, కౌన్సెలర్‌ని అడిగి తేల్చుకోండి. ఏపీ క్రెడిట్ వచ్చాక అదే కోర్సు చేస్తే యూసీ యూనిట్లు రెండుసార్లు ఇవ్వదు. స్కోర్లు మాత్రం కాలేజ్ బోర్డ్ నుంచి నేరుగా కాలేజీకి పంపించండి. ఇంట్లో ప్రింట్ తీసింది చెల్లదు.

గోదావరి గాలి
సరే, నేను ఒప్పుకోను కానీ వింటున్నా. రెండేళ్ళలో అవుతుందా అసలు? నాకు తెలిసినవాళ్ళందరికీ మూడేళ్ళు పట్టింది.

ట్రాన్స్‌ఫర్ అక్క
అవుతుంది. అయితే రెండేళ్ళు అనుకునేది నిజానికి ఒక్క ఏడాదే. ఎలాగో చూడండి.

ఈ ఆగస్టులో చేరితే, అప్లికేషన్ వేయాల్సింది వచ్చే ఏడాది అక్టోబర్, నవంబర్‌లలో. ట్యాగ్ వేసుకుంటే ఇంకా ముందు, సెప్టెంబర్ 1 నుంచి 30 లోపు. అంటే అప్లికేషన్‌లో కనపడే గ్రేడ్లు మొదటి ఏడాదివీ, ఆ సమ్మర్‌వీ. రెండో ఏడాది ఫాల్ గ్రేడ్లు జనవరిలో అప్‌డేట్ చేస్తారు, స్ప్రింగ్‌వి "చేస్తున్నాను" అని రాస్తారు. మేజర్ ఏంటో కూడా మొదటి ఏడాది అయ్యేసరికి తేలిపోవాలి. మొదటి సెమిస్టర్ సరదాగా గడిపి తర్వాత చూసుకుందామనుకునేవాళ్ళకే మూడేళ్ళు పడుతుంది.

ట్యాగ్ అంటే ట్రాన్స్‌ఫర్ అడ్మిషన్ గ్యారంటీ. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటిలోనే ఉంది. బర్క్‌లీ, యూసీఎల్‌ఏ, శాన్ డియేగో గ్యారంటీ ఇవ్వవు. ఒక్క క్యాంపస్‌కే ట్యాగ్ వేయాలి, జీపీఏ నిబంధన క్యాంపస్‌ని, మేజర్‌ని బట్టి మారుతుంది. ట్యాగ్ ఒప్పుకున్నా నవంబర్‌లో అసలు అప్లికేషన్ వేయకపోతే ఆ గ్యారంటీ పోతుంది. ఇది మర్చిపోయినవాళ్ళని చూశాను.

మీ అమ్మాయికి నేనైతే డేవిస్‌కో శాంటా బార్బరాకో ట్యాగ్ వేయించి, బర్క్‌లీ, యూసీఎల్‌ఏ మామూలుగా వేయిస్తాను. కాలేజీలో ఆనర్స్ ప్రోగ్రాం ఉండి, అది యూసీఎల్‌ఏ ట్రాన్స్‌ఫర్ అలయన్స్ ప్రోగ్రాంలో భాగమైతే మొదటి సెమిస్టర్‌లోనే చేర్పించండి. యూసీఎల్‌ఏలోని లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీకి వేసేవాళ్ళకి ఆ సర్టిఫికేషన్ బాగా కలిసొస్తుంది.

తెనాలి_టు_సాక్రమెంటో
కాల్‌స్టేట్‌ని ఎవరూ పట్టించుకోవట్లేదు. మా మేనకోడలు హిస్టరీ ఏఏ-టీతోనే వెళ్ళింది. ఏఏ-టీ అంటే 2010లో వచ్చిన చట్టం ప్రకారం ఇచ్చే ట్రాన్స్‌ఫర్ డిగ్రీ. అది ఉంటే కాల్‌స్టేట్‌లో ఏదో ఒక క్యాంపస్‌లో మూడో ఏడాది సీటు ఖాయం, అదే మేజర్‌లో ఇంకో 60 యూనిట్లతో పట్టా. అయితే మీరడిగిన క్యాంపస్‌లోనే అని కాదు. ఏడాది ట్యూషన్ ఆరు వేల పైచిలుకు. శాన్‌హోసే స్టేట్‌కి ఇంటి నుంచి వెళ్ళొస్తే హాస్టల్ ఖర్చు కూడా ఉండదు.

ట్రాన్స్‌ఫర్ అక్క
నిజమే, నేనే చెప్పాల్సింది. లిబరల్ ఆర్ట్స్ ఏఏకి, హిస్టరీ ఏఏ-టీకి మధ్య ఎంచుకోవాలంటే ఏఏ-టీయే. కాల్-గెట్సీ ఎలాగూ అందులో ఉంటుంది, పైన 18 యూనిట్లు మేజర్‌వి. యూసీ కోసం చేసే కోర్సులకీ దీనికీ పెద్దగా తేడా రాదు, పైగా కాల్‌స్టేట్ గ్యారంటీ చేతిలో ఉంటుంది.

హెచ్4 అమ్మ
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా బాబు ప్లాన్ కూడా ఇదే, వాడిది సైకాలజీ. మేము ఇంకా హెచ్1 మీదే ఉన్నాం, గ్రీన్‌కార్డ్ లైన్ ఎప్పటికి కదులుతుందో దేవుడికే తెలియాలి. హెచ్4 (హెచ్1 వాళ్ళ పిల్లలకిచ్చే డిపెండెంట్ వీసా) మీద కమ్యూనిటీ కాలేజీలో చేరొచ్చా? 46 డాలర్లేనా, నాన్-రెసిడెంట్ ఫీజా?

నైట్‌షిఫ్ట్
చేరొచ్చమ్మా. హెచ్4 వాళ్ళు కాలిఫోర్నియాలో రెసిడెన్సీ చూపించుకోవచ్చు. ఏడాదికి పైగా ఇక్కడే ఉంటున్నట్టు, ఇక్కడే ఉండిపోయే ఉద్దేశం ఉన్నట్టు కాగితాలుంటే రెసిడెంట్ ఫీజే. టాక్స్ రిటర్న్, లీజ్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి సిద్ధం పెట్టుకోండి. ఫెడరల్ ఎయిడ్ మాత్రం హెచ్4కి రాదు.

అసలు చూడాల్సింది బాబు వయసు. 21 నిండిన రోజున హెచ్4 పోతుంది, ఆలోపు ఎఫ్1కి (స్టూడెంట్ వీసా) మారాలి. ఎఫ్1 అయ్యాక ఫీజు నాన్-రెసిడెంట్ కిందకి వెళ్ళే ప్రమాదం ఉంది. యూసీలో ఆ అదనపు ట్యూషనే ఏడాదికి 30 వేల డాలర్ల పైమాట. 18కి చేరి, 20కి ట్రాన్స్‌ఫర్ అయితే సరిగ్గా యూసీ మధ్యలో 21 నిండుతుంది. ఫ్రీమాంట్ నాన్న గారికి మిగిలే డబ్బు మీకు మిగలకపోవచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో, క్యాంపస్ రెసిడెన్సీ ఆఫీసుతో ఇప్పుడే మాట్లాడండి, ట్రాన్స్‌ఫర్ అయ్యాక కాదు. మా ఇంట్లో పెద్దాడికి ఇదే జరిగింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

హెచ్4 అమ్మ
వాడికి వచ్చే జనవరికి 19 వస్తాయి. లాయర్‌కి రేపే ఫోన్ చేస్తాను. చాలా థాంక్స్ అండి.

ట్రాన్స్‌ఫర్ అక్క
హెచ్4 అమ్మ గారూ, సైకాలజీ కాబట్టి ఒక మాట. ఇంట్రడక్షన్, స్టాటిస్టిక్స్, రీసెర్చ్ మెథడ్స్ మూడూ దాదాపు ప్రతిచోటా అడుగుతారు. రీసెర్చ్ మెథడ్స్‌కి స్టాటిస్టిక్స్ ముందు చేసి ఉండాలంటారు చాలా కాలేజీల్లో. స్టాటిస్టిక్స్ మొదటి సెమిస్టర్‌లో పెట్టకపోతే మొత్తం వెనక్కి జరుగుతుంది. ఇంకా బయాలజీ, మ్యాథ్ అడిగే క్యాంపస్‌లున్నాయి, అసిస్ట్‌లో ఒక్కొక్కటీ చూడండి. కాల్‌స్టేట్‌లో చాలా చోట్ల సైకాలజీకి పోటీ ఎక్కువ.

ప్లేనో బాబాయ్
ఇదంతా కాలిఫోర్నియా గోల. మా టెక్సస్‌లో ఉన్నవాళ్ళెవరైనా చదువుతుంటే ట్యాగ్, అసిస్ట్ అని వెతక్కండి, ఇక్కడ ఉండవు. మనకి 42 క్రెడిట్ గంటల కోర్ (అందరూ చేయాల్సిన సాధారణ కోర్సులు) ఉంది. కోర్ మొత్తం పూర్తి చేసి ట్రాన్స్‌క్రిప్ట్ మీద "కోర్ కంప్లీట్" అని పడితే ఏ పబ్లిక్ యూనివర్సిటీ అయినా దాన్ని గంపగుత్తగా తీసుకోవాలి. సగం చేసి వెళ్తే ఒక్కో కోర్సూ విడిగా చూస్తారు. కోర్సు నంబర్లు రాష్ట్రమంతా ఒకటే, ఇంగ్లిష్ 1301, హిస్టరీ 1301, గవర్నమెంట్ 2305, కాలేజీ మారినా అవే.

ట్రాన్స్‌ఫర్ అక్క
నంబర్ల విషయంలో మీరే ముందున్నారు బాబాయ్. కాలిఫోర్నియాలో ఇప్పుడిప్పుడే మొదలైంది. 2025 ఫాల్ నుంచి ఇంగ్లిష్ సీ1000, స్టాట్ సీ1000, కమ్యూనికేషన్ సీ1000 లాంటి కొన్ని కోర్సులకి అన్ని కాలేజీల్లోనూ ఒకే నంబర్ వచ్చింది. అప్పటిదాకా ఒక్కో కాలేజీది ఒక్కో నంబరే.

బెజవాడ కుర్రోడు
నమస్తే అన్నలూ అక్కలూ. నేను ఇంటర్ సీఈసీ అయ్యాను. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్ళు కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీకి పంపిస్తాం, రెండేళ్ళ తర్వాత బర్క్‌లీ గ్యారంటీ అంటున్నారు. నిజమేనా?

నైట్‌షిఫ్ట్
తమ్ముడూ, బర్క్‌లీకి గ్యారంటీ లేదని పైనే చదివావుగా. ఆ ఒక్క మాటతో వాళ్ళ సంగతి తెలిసిపోయింది.

దారి ఉంది కానీ నీకు 46 డాలర్లు కాదు. ఎఫ్1 అంటే నాన్-రెసిడెంట్ ఫీజు, దానికి ఎన్నో రెట్లు. యూసీకి వెళ్ళాక కూడా నాన్-రెసిడెంట్ ట్యూషనే. నాలుగేళ్ళ మొత్తం లెక్క వేసుకో, మొదటి రెండేళ్ళది మాత్రమే కాదు. సెమిస్టర్‌కి 12 యూనిట్లు తప్పనిసరి, అందులో ఒకే ఒక్క ఆన్‌లైన్ క్లాసు లెక్కకి వస్తుంది. ట్యాగ్ మాత్రం ఎఫ్1 వాళ్ళకి కూడా ఉంది. వీసా ఇంటర్వ్యూలో కమ్యూనిటీ కాలేజీ ఎందుకని అడుగుతారు. ఏ మేజర్, ఏ యూనివర్సిటీకి, ఎవరు డబ్బు పెడతారు, ఇవి కన్సల్టెన్సీ రాసిచ్చింది బట్టీ పట్టకుండా నీ నోటితో చెప్పగలగాలి.

పప్పుచారు
సీఈసీ కుర్రోడు లిబరల్ ఆర్ట్స్‌కి వెళ్తానంటే ఇంట్లో ఒప్పుకున్నారా? నాకు అదే ముచ్చటగా ఉంది.

బెజవాడ కుర్రోడు
బిజినెస్ అని చెప్పాను అన్నా 🙂

ఫ్రీమాంట్ నాన్న
నిన్న రాత్రి అమ్మాయి, నేను కూర్చుని అసిస్ట్ చూశాం. మీరు చెప్పినట్టే నాలుగు క్యాంపస్‌లకి, హిస్టరీకి, సోషియాలజీకి పట్టికలు తీశాం. హిస్టరీవి దాదాపు అన్నీ కలుస్తున్నాయి. బర్క్‌లీ దగ్గర మాత్రం విదేశీ భాష అని ఉంది. తను స్కూల్లో స్పానిష్ మూడేళ్ళు చేసింది. సరిపోతుందా? మీరు చెప్పిన కాల్-గెట్సీ జాబితాలో భాష లేదు కదా?

ట్రాన్స్‌ఫర్ అక్క
కాల్-గెట్సీలో లేదు, కానీ బర్క్‌లీ లెటర్స్ అండ్ సైన్స్ విడిగా అడుగుతుంది. హైస్కూల్లో మూడో ఏడాది స్థాయి పాసైతే తీరిపోతుంది, కాబట్టి ఇబ్బంది లేదు. హైస్కూల్ ట్రాన్స్‌క్రిప్ట్ దాచి ఉంచండి. ఇలాంటి అదనపు నిబంధనలు యూనివర్సిటీలోని ఒక్కో కాలేజీ స్థాయిలో ఉంటాయి, మేజర్ పట్టికలో ఒక్కోసారి కనపడవు. ఒక కొసరు విషయం, బర్క్‌లీలో తెలుగు కూడా నేర్పిస్తారు. అమ్మాయి అక్కడికి వెళ్తే రాయడం చదవడం వచ్చేస్తుంది.

ఫ్రీమాంట్ నాన్న
అది విని వాళ్ళమ్మ అప్పుడే బర్క్‌లీకి ఓటేసింది. మేము అనుకుంటున్న మొదటి ఏడాది ఇది: ఫాల్‌లో క్రిటికల్ థింకింగ్, స్టాటిస్టిక్స్, వరల్డ్ హిస్టరీ ఒకటో భాగం, ఎథ్నిక్ స్టడీస్. స్ప్రింగ్‌లో వరల్డ్ హిస్టరీ రెండు, ఇంట్రో సోషియాలజీ, ల్యాబ్‌తో బయాలజీ, ఆర్ట్ హిస్టరీ. సమ్మర్‌లో పబ్లిక్ స్పీకింగ్. ఎలా ఉంది?

ట్రాన్స్‌ఫర్ అక్క
బాగుంది. రెండు మార్పులు చెప్తాను. క్రిటికల్ థింకింగ్‌కి ముందు ఇంగ్లిష్ కాంపొజిషన్ అయి ఉండాలి. ఏపీ స్కోర్ కాలేజీ రికార్డులో పడకపోతే రిజిస్ట్రేషన్ రోజున సిస్టం అడ్డుకుంటుంది, ఈ నెలలోనే పంపండి. పబ్లిక్ స్పీకింగ్‌ని కూడా చివరి సమ్మర్ దాకా ఉంచకండి, ఆ సెక్షన్లు తొందరగా నిండిపోతాయి. ట్యాగ్ వేసే నాటికి 30 సెమిస్టర్ యూనిట్లు పూర్తయి ఉండాలి కాబట్టి ఒక్క క్లాసు జారినా సెప్టెంబర్‌లో ఇబ్బంది. ఈ సమ్మర్‌లోనే దొరికితే ఇప్పుడే చేయించేయండి.

ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పుడు ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్‌తో పాటు కాల్-గెట్సీ సర్టిఫికేషన్ కావాలని విడిగా అడగాలి. అడగకపోతే కొన్ని కాలేజీలు పంపవు.

గోదావరి గాలి
ఇంతకీ హిస్టరీ చదివి ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఫ్రీమాంట్ నాన్న
లా స్కూల్ అంటోంది గాలి గారూ. వచ్చే ఏడాది ఇంకేమంటుందో. అక్కా, ఏపీ స్కోర్లు ఇందాకే ఆర్డర్ పెట్టాం. కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ మంగళవారం దొరికింది, పట్టికలు ప్రింట్ తీసుకుని వెళ్తున్నాం.